ఊ కొట్టే శ్రోత

తెలుగునాట కథ చెప్పడమనే పనికి తరతరాలుగా ఒక షరతు ఉంది: చెప్పేవారు చెబుతున్నంతసేపూ వినేవారు ‘ఊ’ కొడుతూ ఉండాలి. ఆ ‘ఊ’ మందగిస్తే వినేవారికి నిద్ర వస్తున్నదని, ప్రశ్నలా పైకి లేస్తే ఏదో అర్థం కాలేదని, త్వరత్వరగా పడుతుంటే కథ పట్టులో పడిందని చెప్పేవారికి ఎప్పటికప్పుడు తెలిసేది. తెలిసిన మరుక్షణమే గొంతు మారేది, ఒక వివరం చేరేది, లేదా మిగిలిన కథ మర్నాటి రాత్రికి వాయిదా పడేది. భావప్రసార శాస్త్రం ప్రతిస్పందన అని దేనిని పిలుస్తున్నదో అదంతా ఈ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంది. మైకు ముందు ఒంటరిగా కూర్చుని, ఎప్పుడో ఎక్కడో వినబోయే మనిషి కోసం మాట్లాడే పాడ్‌కాస్టరుకు మాత్రం ఈ ‘ఊ’ వినిపించదు. సభలో మాట్లాడేవారికి కనీసం ముఖాలు కనిపిస్తాయి, ఆవులింతలు కనిపిస్తాయి, వెనుక వరుసలో లేచి వెళ్ళేవారు కనిపిస్తారు. రికార్డింగు గదిలో నాలుగు గోడలు తప్ప ఎదుట ఏమీ ఉండదు. అటువంటి స్థితిలోనూ కొందరి మాటను జనం గంటల తరబడి వింటున్నారంటే, ఆ లేని ‘ఊ’ను వారు తమ మాటలోనే ఎక్కడో అమర్చుకుంటున్నారని అర్థం. ఆ అమరిక ఎటువంటిది, అది ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా పాడ్‌కాస్టు అంటే ఏమిటో తేల్చుకోవలసి ఉంటుంది. శబ్దరూపంలో విడతలుగా విడుదలవుతూ, శ్రోత తన ఫోనులోకో కంప్యూటరులోకో తెచ్చుకుని తనకు వీలైన వేళ వినే కార్యక్రమాన్ని పాడ్‌కాస్టు అంటారు. దీనికి ఆధారమైన ఏర్పాటు చాలా సాదాది. ఒక వెబ్‌సైటులో కొత్తగా చేరినవాటి జాబితాను యంత్రాలు చదువుకోగల రూపంలో అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే పద్ధతికి, శబ్దపు ఫైలును కూడా జతచేసి పంపే వీలును 2000 చివరలో డేవ్ వైనర్ అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్ రూపకర్త కల్పించాడు. 2003లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బెర్క్‌మన్ సెంటర్ నుంచి రేడియో పాత్రికేయుడు క్రిస్టఫర్ లైడన్ చేసిన ముఖాముఖీలు ఆ మార్గంలో శ్రోతలకు చేరాయి. 2004లో ఎంటీవీలో వ్యాఖ్యాతగా పేరు పొందిన ఆడం కర్రీ ఆ ఫైళ్ళు వాటంతట అవే ఐపాడ్‌లోకి వచ్చి చేరే ఉపాయాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ రాసిన వ్యాసంలో, ఈ కొత్త పనిని ఏమని పిలవవచ్చునో ఊహిస్తూ ఇచ్చిన రెండు మూడు పేర్లలో పాడ్‌కాస్టింగ్ ఒకటి. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చింది, ఆ ఏడాది చివరకు న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ఆ మాటను సంవత్సరపు పదంగా ప్రకటించింది. ఈ చరిత్ర అంతటిలో భావప్రసారానికి సంబంధించినంతవరకు ముఖ్యమైన మార్పు ఒకటే: రేడియోలో కార్యక్రమం శ్రోత ఇంటికి వచ్చేది, పాడ్‌కాస్టులో శ్రోతే కార్యక్రమం దగ్గరికి వెళుతున్నాడు.

వెళ్ళినవాడు తిరిగి రావడం కూడా అంతే సులభం. రేడియో శ్రోతకు స్టేషను మార్చడానికి కొద్దిపాటి అవకాశమే ఉండేది, కాబట్టి తరువాతి పాట కోసం ముందున్న ప్రసంగాన్ని ఓర్చుకునేవాడు. పాడ్‌కాస్టు శ్రోత మూడో నిమిషంలో చప్పుడు లేకుండా వెళ్ళిపోతాడు, ఎందుకు వెళ్ళాడో చెప్పడు. అయితే ఈ స్వేచ్ఛలోనే చెప్పేవారికీ ఒక విడుదల ఉంది. ఒకే తరంగం మీద పిల్లలనూ వృద్ధులనూ రైతులనూ ఉద్యోగులనూ కలిపి ఒప్పించవలసిన భారం రేడియోకు ఉండేది. తనను వెతుక్కుంటూ వచ్చిన మనిషికి తనకు తెలిసిన విషయాన్ని లోతుగా చెప్పే వీలు పాడ్‌కాస్టరుకు దొరికింది. అమిత్ వర్మ 2017లో ఇంగ్లీషులో ప్రారంభించిన ‘ద సీన్ అండ్ ది అన్‌సీన్’ మొదట్లో చిన్న నిడివి సంభాషణగానే ఉండేది, కాలక్రమంలో ఒక్కొక్క భాగం అనేక గంటలకు పెరిగింది, శ్రోతలు తగ్గకపోగా ఆ దైర్ఘ్యమే దాని గుర్తింపు అయింది. శ్రోతకు ఓపిక లేదన్న మాట ప్రసార రంగంలో తరచుగా వినిపిస్తుంది. నిజానికి లేనిది సోది వినే ఓపిక మాత్రమే. విషయం నడుస్తున్నంతసేపూ నడిచే ఓపిక అతనికి ఉంది, ఒకే రాత్రి జరిగే హరికథకు తెల్లవారేదాకా కూర్చున్నవారి వారసులకు ఆ ఓపిక కొత్తదీ కాదు.

ఇక ‘ఊ’ విషయానికి వస్తే, దానిని ప్రదర్శనలోనే నిర్మించుకున్న కళారూపం బుర్రకథ. మధ్యలో తంబుర పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు; వారిలో ఒకరు హాస్యానికి, మరొకరు నాటి లోకవ్యవహారాన్ని, రాజకీయాన్ని కథకు ముడిపెట్టడానికి. కథకుడి మాటకు వంతలు తానతందాన పలకడం కేవలం తాళం కోసం కాదు. వారు మధ్యమధ్యలో అడ్డు తగులుతారు, అదెలా జరిగిందని అడుగుతారు, ఫలానా వాడు ఎవరని నిలదీస్తారు, కథకుడు ఆ ప్రశ్నకు జవాబిచ్చే నెపంతో ప్రేక్షకుడి సందేహాన్నే తీరుస్తాడు. వేలమంది మైదానంలో కూర్చున్నప్పుడు ఒక్కొక్కరి ‘ఊ’ కథకుడికి వినబడదు కనుక ఆ వేలమంది తరఫున ‘ఊ’ కొట్టే ఇద్దరిని వేదిక మీదనే నిలబెట్టడం ఈ కళారూపం కనిపెట్టిన పరిష్కారం. షేక్ నాజర్ వంటి మహాకళాకారుల చేతిలో ఆ ఇద్దరి ప్రశ్నలు కథ దిశనే మలుపు తిప్పేవి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి స్థానం కూడా ఒక విధంగా ఇటువంటిదే, అయితే అక్కడ అడ్డు తగలడంలోని ఉద్దేశం పరీక్ష. బుర్రకథ వంత ఉద్దేశం తోడ్పాటు.

పాడ్‌కాస్టులో ఇద్దరు వ్యాఖ్యాతలు ఉండే పద్ధతి ఎందుకు అంతగా నిలదొక్కుకున్నదో వంతల పనిని గమనించినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకరికి తెలిసి మరొకరికి తెలియని విషయాన్ని ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు, తెలియనివారు శ్రోతకు ప్రతినిధి అవుతారు. బీబీసీ రేడియో 4లో 1998 అక్టోబరులో మొదలై, తరువాత పాడ్‌కాస్టుగా ప్రపంచమంతటా వ్యాపించిన ‘ఇన్ అవర్ టైమ్’ ఈ సూత్రానికి చక్కని నిదర్శనం. ఒక విషయం మీద జీవితకాలం పరిశోధన చేసిన ముగ్గురు ఆచార్యులను ఎదుట కూర్చోబెట్టుకుని, దానిని మొట్టమొదటి మెట్టు నుంచి చెప్పించడం మెల్విన్ బ్రాగ్ రెండున్నర దశాబ్దాలకు పైగా నిర్వహించిన పని. ఆచార్యులు ఒకరి పరిభాష ఒకరికి తెలుసు కనుక తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టిన ప్రతిసారీ, ఆ మాటకు అర్థమేమిటని మొహమాటం లేకుండా అడిగి వారిని శ్రోత వైపు తిప్పడంలోనే ఆయన నేర్పు ఉండేది. తెలియదని ఒప్పుకోవడం పాండిత్యానికి భంగమని భావించే వ్యాఖ్యాత ఈ పని చేయలేడు. తెలుగు చర్చా కార్యక్రమాల్లో ప్రశ్న అడిగేవారు తమ ప్రశ్నలోనే జవాబును కూడా చెప్పేసి, అతిథిని ‘అంతేనండీ’ అనే పాత్రకు పరిమితం చేసే అలవాటు విస్తరించింది. అక్కడ అతిథే ‘ఊ’ కొడుతున్నాడు కాబట్టి శ్రోతకు ఆ పని మిగలడం లేదు.

ఒంటరిగా మాట్లాడేవారికి వంత ఉండదు. వారు ఏం చేయాలన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఒకటి పాడ్‌కాస్టు కంటే ముప్పావు శతాబ్దం ముందే వచ్చింది. 1927లో బీబీసీ ప్రసంగాల విభాగానికి తొలి డైరెక్టరు అయిన హిల్డా మాథెసన్, పార్లమెంటు సభ్యులనూ ఆచార్యులనూ రచయితలనూ మైకు ముందు కూర్చోబెట్టి చూసి, సభలో మాట్లాడినట్టు మాట్లాడినా, వ్యాసం చదివినట్టు చదివినా అది శ్రోతకు చేరడం లేదని గుర్తించింది. వినేవారు ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరు తమ ఇంట్లో తామొక్కరే కూర్చుని వింటున్నారు కనుక, ప్రతి ఒక్కరూ తనతోనే మాట్లాడుతున్నట్టు ఉండాలని కోరుకుంటారన్నది ఆమె నిర్ధారణ. ఆ అనుభవాన్ని 1933లో ‘బ్రాడ్‌కాస్టింగ్’ అనే పుస్తకంలో పొందుపరిచింది. చేతిలో కాగితం ఉండవచ్చు, కాని ఆ కాగితం మీద ఉన్నది ముందే మాట్లాడి చూసిన మాట అయి ఉండాలి. ఈనాడు పాడ్‌కాస్టు శిక్షకులందరూ ఒక్క శ్రోతను ఊహించుకుని మాట్లాడమని చెప్పే సలహాకు మూలం ఆమె కృషిలో ఉంది, అయినా ఆమె పేరు తలచుకునేవారు అరుదు.

మాథెసన్ పుస్తకం వెలువడిన ఏడాదిలోనే, మార్చి 12 ఆదివారం రాత్రి, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన తొలి ‘ఫైర్‌సైడ్ చాట్’ ప్రసారం చేశాడు. చలిమంట పక్కన కూర్చుని చెప్పుకునే కబురు అని ఆ పేరుకు తెలుగులో అర్థం చెప్పుకోవచ్చు. దేశంలో బ్యాంకులన్నీ మూతపడి ఉన్నాయి, డిపాజిట్లు ఉంటాయో పోతాయోనన్న భయం జనాన్ని పట్టుకుని ఉంది. ఆ స్థితిలో ఆయన ధైర్యవచనాలతో ప్రారంభించలేదు. బ్యాంకులో వేసిన డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో దాచిపెట్టదని, దానిని రకరకాల అప్పుల రూపంలో తిప్పుతుందని, కనుక అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎంత గట్టి బ్యాంకు అయినా ఇవ్వలేదని, తెలియనివారికి తెలియజెప్పినట్టు మొదటి నుంచి వివరించాడు. తరువాత తాను ఏం చేశాడో, ఎందుకు చేశాడో, మర్నాటి నుంచి ఏ వరుసలో బ్యాంకులు తెరుచుకుంటాయో చెప్పాడు. మర్నాడు బ్యాంకులు తెరుచుకున్నప్పుడు జనం వరుసలు కట్టినది చాలాచోట్ల డబ్బు తీసుకోవడానికి కాదు, ఇళ్ళలో దాచినదాన్ని తిరిగి వేయడానికి. ఆ ప్రసంగంలో గమనించదగినది దాని స్నేహస్వరం ఒక్కటే కాదు. శ్రోత మనసులో అప్పటికే లేచిన ప్రశ్నల వరుసనే ప్రసంగం తన వరుసగా చేసుకోవడం దాని అసలు బలం. భయపడిన మనిషి ముందు ఏది అడుగుతాడో అది ముందు, తరువాత ఏది అడుగుతాడో అది తరువాత వచ్చింది. వినిపించని ‘ఊ’ను ముందుగా ఊహించి, దాని చోటును ఖాళీగా ఉంచి మాట్లాడడమంటే ఇదే.

ఒక్కరితో మాట్లాడుతూ అందరితో మాట్లాడే ఈ పనికి తెలుగు భాషలో సహజంగానే కొన్ని సాధనాలు ఉన్నాయి. ‘మీరు’ అన్న సర్వనామం గౌరవంతో పిలిచే ఒక్కరికీ, ఎదుట ఉన్న అనేకులకూ చెల్లుతుంది కనుక, ‘మీరు గమనించే ఉంటారు’ అన్నప్పుడు వింటున్న ప్రతి ఒక్కరూ అది తమకే చెప్పిన మాటగా స్వీకరించగలరు. అదే చోట ‘శ్రోతలారా’ అనగానే ఆ ఒక్కరు గుంపులో కలిసిపోతారు. ఇంతకంటే విలువైనది ‘మనం’, ‘మేము’ అన్న భేదం. వినేవారిని కలుపుకుని చెప్పేది మనం, వారిని విడిచి చెప్పేది మేము. సంస్కృతంలోనూ ఇంగ్లీషులోనూ లేని ఈ భేదం మాట్లాడేవారి వైఖరిని ఒక్క మాటలో బయటపెడుతుంది. ‘మేము ఈ విషయం మీద ఎంతో పరిశోధించాం’ అన్నది నిజాయితీ గల వాక్యం, అది చేసినవారు వేరు, వినేవారు వేరు. ‘మనం ఇప్పుడు ఈ శాసనం దగ్గరికి వెళదాం’ అన్నది ఆహ్వానం. అయితే శ్రోతకు సంబంధం లేని అభిప్రాయాన్ని ‘మనమందరం ఒప్పుకున్నట్టుగా’ అంటూ అతని నెత్తిన పెట్టడం కూడా ఈ ‘మనం’తోనే సాధ్యమవుతుంది, ఆ దుర్వినియోగాన్ని చెవి వెంటనే పసిగడుతుంది.

చెవికీ కంటికీ ఉన్న తేడా ఇక్కడే తలెత్తుతుంది. చదివేవారు అర్థం కాని వాక్యాన్ని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటారు, వినేవారి ముందు వాక్యం పుడుతూనే మాయమవుతుంది. మనిషి తన తక్షణ స్మృతిలో ఒకేసారి పట్టి ఉంచగల అంశాలు ఏడు, లేదా దానికి రెండు అటూఇటూ అని మనస్తత్త్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రతిపాదించాడు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను నాలుగు దాకా తగ్గించారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, విశేషణాలూ క్రియాజన్య విశేషణాలూ నామవాచకానికి ముందు పేరుకుంటాయి. ‘నిరుడు అకాల వర్షాలకు పంట నష్టపోయి, ప్రభుత్వం ప్రకటించిన పరిహారం ఇప్పటికీ అందని కౌలురైతులు తహశీల్దారు కార్యాలయం ముందు ఆందోళన చేశారు’ అన్న వాక్యం పత్రికలో ఏ ఇబ్బందీ లేకుండా చదువుకోవచ్చు. చెవితో వినేవారికి ఎవరి గురించి చెబుతున్నారో వాక్యం సగం దాటితే గాని తెలియదు, అంతవరకూ వానలనూ పంటనూ పరిహారాన్నీ చేతుల్లో మోస్తూ ఎదురుచూడాలి. అదే విషయం నోటితో చెప్పేవారు వేరుగా చెబుతారు: ‘కౌలురైతులు తహశీల్దారు ఆఫీసు ముందు ఆందోళనకు దిగారు. ఎందుకంటే, నిరుడు అకాల వర్షాలకు వాళ్ళ పంట పోయింది. పరిహారం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అది ఇంకా చేతికి రాలేదు.’ ‘ఎందుకంటే’, ‘ఏమిటంటే’, ‘ఎలాగంటే’ అన్న మాటలు చూడడానికి ఊతపదాల్లా కనిపించినా, అవి చివరన ఉండవలసిన భారాన్ని ముందుకు తెచ్చి, ప్రశ్నను చెప్పేవారే అడిగి జవాబు చెప్పే వీలు కల్పిస్తాయి. ‘ఎందుకంటే’ అనడంలో శ్రోత అడగబోయిన ‘ఎందుకు?’ వినబడుతుంది. వాక్యం చివర ‘కదా’ అని ఆగడంలో అతని ‘ఊ’కు చోటు ఏర్పడుతుంది. వ్యాకరణ గ్రంథాలు అంతగా పట్టించుకోని ఈ చిన్న మాటలు తెలుగు శ్రవణ గద్యానికి వెన్నెముక వంటివి. అచ్చులో చదువుకోవడానికి సిద్ధపరచిన ప్రస్తుత పాఠంలోని దీర్ఘవాక్యాలు మైకు ముందు పనికిరావన్నది కూడా ఇదే సూత్రం నుంచి తేలే విషయం.

రాసే భాష మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని గిడుగు రామమూర్తి చేసిన పోరాటం రాతను నోటి వైపు తీసుకువెళ్ళింది. పాడ్‌కాస్టు కాలంలో ప్రయాణం అటునుంచి ఇటు సాగవలసి వచ్చింది: రాతకు అలవాటు పడి బిగుసుకుపోయిన విద్యావంతుల నోరు తిరిగి మాట దగ్గరికి రావాలి. పత్రికలు తయారుచేసిన పారిభాషిక పదాలు ఇందుకు మంచి పరీక్ష. ‘ద్రవ్యోల్బణం’ అన్నది కంటికి పరిచితమైన మాట. నడుస్తూ వింటున్నవారి చెవిలో అది ఒక్క క్షణం ఆగి విడదీసుకోవలసిన సంధి, ఆ క్షణంలో తరువాతి వాక్యం దాటిపోతుంది. ఆ పదాన్ని వదిలేయనక్కరలేదు, మొదటిసారి దాని వెంటనే ‘అంటే అన్ని ధరలూ కలిసి పెరుగుతూ పోవడం’ అని చేరిస్తే చాలు, రెండోసారికి అది శ్రోత సొంత మాట అవుతుంది. అంకెల సంగతీ ఇంతే. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు అన్నది పుస్తకానికి తగిన కచ్చితత్వం. చెవికి మాత్రం ‘లక్షా పన్నెండు వేలు’ అని, ఒకప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు అని చెబితే తప్ప ఆ సంఖ్య నిలవదు. తెలుగు మాట్లాడగలిగి చదవడం రాని తరం ఒకటి ఇతర రాష్ట్రాల్లోనూ విదేశాల్లోనూ పెరిగింది కనుక ఈ జాగ్రత్తకు మరింత విలువ వచ్చింది. ‘హర్షణీయం’ పాడ్‌కాస్టు, ‘దాసుభాషితం’ శ్రవణ పుస్తకాలు, అమెరికా నుంచి ‘కౌముది’ అంతర్జాల పత్రిక సంపాదకులు కిరణ్‌ప్రభ ఒంటి గొంతుతో చెప్పే సాహితీవేత్తల, కళాకారుల జీవితకథలు ఆ తరానికి తెలుగు సాహిత్యాన్ని లిపి అడ్డు లేకుండా అందిస్తున్నాయి. చదవడం రానివారికి భాష రాదనుకోవడం ఎంత పొరపాటో ఈ కృషి రుజువు చేస్తోంది.

సాంకేతిక విషయాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, కాని ఒక్కటి విడిచిపెట్టరానిది. ఒక దిశ నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా గ్రహించే మైకుకు నోరు దగ్గరయ్యేకొద్దీ గొంతులోని మంద్రస్థాయి పెరుగుతుంది. దీనిని సామీప్య ప్రభావం అంటారు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఆ గొంతును తల లోపలే వినిపిస్తుంది. కనుక ఒకప్పుడు అత్యంత ఆత్మీయులకు మాత్రమే ఉండే దూరంలో, పరిచయం లేని మనిషి మాట్లాడుతున్నట్టు అవుతుంది. అక్కడ అరవడం అమర్యాద. వేరువేరు కార్యక్రమాలకు ధ్వనిస్థాయి మార్చుకునే అవస్థ శ్రోతకు లేకుండా, సగటు బిగ్గరతనాన్ని మైనస్ 16 ఎల్‌కేఎఫ్‌ఎస్ దగ్గర, ఒక డెసిబెల్ అటూఇటూగా ఉంచాలని ఆపిల్ సూచించింది. చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణానికి పెట్టిన పేరు ఎల్‌కేఎఫ్‌ఎస్. ఇటువంటి నియమాలు యంత్రానివిగా కనిపించినా వాటి వెనుక ఉన్నది వినేవారి మీద మర్యాదే.

ఇంత సమీపం నుంచి మాట్లాడే గొంతును మనిషి నమ్ముతాడు, ఆ నమ్మకంతోనే బాధ్యత మొదలవుతుంది. 2014 అక్టోబరులో మొదలైన ‘సీరియల్’ అనే అమెరికన్ పాడ్‌కాస్టు పీబాడీ పురస్కారం పొందిన తొలి పాడ్‌కాస్టు. 1999లో బాల్టిమోర్ ప్రాంతంలో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసును పాత్రికేయురాలు సారా కోనిగ్ 12 భాగాలుగా పునఃపరిశీలించింది. ఆమె తన నిర్ణయాన్ని చెప్పడం కంటే తన ఆలోచనను వినిపించింది: ఈ వారం ఇలా అనిపించింది, ఈ ఫోను రికార్డు చూశాక అనుమానం వచ్చింది, ఫలానా చోట తాను పొరబడి ఉండవచ్చు. సందేహాన్ని దాచకపోవడం వల్ల శ్రోతలు ఆమెతో కలిసి తర్కించడం మొదలుపెట్టారు, అది ఈ ప్రక్రియ సాధించిన పెద్ద విజయం. అదే సమయంలో ఒక కుటుంబపు తీరని దుఃఖం లక్షలమందికి తరువాతి వారం ఏమవుతుందోనన్న ఉత్కంఠగా మారింది. శ్రోతను పట్టి ఉంచే బిగువు ఎవరి బాధ మీద నిలిచి ఉన్నదన్న ప్రశ్నకు ఆ విజయం సమాధానం చెప్పలేదు. శ్రోత మాత్రమే ఎదుటి మనిషి కాదు, కథలో ఉన్నవారూ మనుషులే. ఈ సంగతి మరువని తీరుకు ‘ఫ్రెష్ ఎయిర్’ రేడియో కార్యక్రమ నిర్వాహకురాలు టెరీ గ్రోస్ ఉదాహరణ. ఫిలడెల్ఫియా నుంచి దశాబ్దాలుగా ముఖాముఖీలు చేస్తున్న ఆమె, ఏదైనా ప్రశ్న మరీ వ్యక్తిగతమైతే చెప్పమని, అక్కడితో ముందుకు సాగుతామని అతిథులకు ముందే హామీ ఇస్తుంది. ఆమె ముఖాముఖీల్లో అధిక భాగం అతిథి మరో ఊళ్ళో ఉండగా, ముఖం చూడకుండా, కేవలం విని చేసినవే కావడం కూడా ఆలోచించదగిన విషయం.

‘సీరియల్’కు జన్మనిచ్చిన ‘దిస్ అమెరికన్ లైఫ్’ కార్యక్రమమే అంతకు రెండేళ్ళ ముందు మరో పాఠం నేర్పింది. చైనాలో ఎలక్ట్రానిక్ వస్తువులు తయారుచేసే కార్మికుల స్థితిగతుల మీద ఒక రంగస్థల కళాకారుడు చెప్పిన కథనాన్ని 2012 జనవరిలో ప్రసారం చేసి, అందులో కొన్ని ఘట్టాలు కల్పితమని తేలడంతో మార్చిలో ఒక పూర్తి భాగాన్ని ఆ తప్పును ఒప్పుకోవడానికే కేటాయించింది. నిర్వాహకుడు ఐరా గ్లాస్ ఆ కళాకారుణ్ణి ప్రశ్నించినప్పుడు జవాబుకు ముందు పడిన దీర్ఘమైన మౌనాలను ఎడిటింగులో తొలగించలేదు. పాడ్‌కాస్టు ఎడిటరు చేతికి మొదట తగిలేవి మౌనాలే. తడబాటునూ ఊతపదాన్నీ ఊపిరినీ కోసేసి మాటను పరుగెత్తించడం ఇప్పుడు యంత్రం దానంతటదే చేస్తున్నది. కాని మౌనం కొన్నిచోట్ల సమాచారం, కొన్నిచోట్ల సాక్ష్యం, చాలాచోట్ల శ్రోత ‘ఊ’ కొట్టే వ్యవధి. అన్ని మౌనాలనూ కోసిన సంభాషణలో అతనికి ఆలోచించే చోటు మిగలదు. తప్పును ఒక వాక్యంలో సవరించి దాటేయకుండా, తప్పు జరిగినంత నిడివితో దానిని దిద్దడం శ్రోతకు ఇవ్వగల గౌరవాల్లో పెద్దది, తెలుగు మాధ్యమాలలో ఇంకా వేళ్ళూనవలసిన సంప్రదాయం అది.

రోజూ వినే గొంతుతో శ్రోతకు ఏర్పడే అనుబంధానికి డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లో పారాసోషల్ అన్న పేరు పెట్టారు. ఒక వైపు నుంచి మాత్రమే ఉండే పరిచయం అని దానికి అర్థం: శ్రోతకు వ్యాఖ్యాత పిల్లల పేర్లు కూడా తెలుసు, వ్యాఖ్యాతకు శ్రోత ఉన్నాడనే తెలియదు. వారు గమనించినది రేడియో, టెలివిజన్, సినిమాల ప్రభావాన్ని. ఇయర్‌ఫోన్ దానిని ఇంకా బిగించింది. ఈ సాన్నిహిత్యం నటన అని తోసిపుచ్చడం అన్యాయం, ఎందుకంటే ఒంటరితనంలో ఉన్న ఎందరికో అది నిజమైన ఊరట. అయితే ‘మీరు నా కుటుంబం’ అన్న గొంతే మరునిమిషంలో ఒక వస్తువును కొనమని అదే స్వరంతో చెప్పినప్పుడు, ఆ నమ్మకం ఎవరి ప్రయోజనానికి ఖర్చవుతున్నదో శ్రోతకు తెలియాలి. ప్రకటన చదివేటప్పుడు ఇది ప్రకటన అని స్పష్టంగా చెప్పడం అతి చిన్న నియమం. దానిని పాటించని గొంతు ఎంత తీయగా ఉన్నా అది శ్రోతను ఒక్క మనిషిగా చూడడం మానేసినట్టే.

ఒక వైపు పరిచయాన్ని రెండు వైపులా చేసే ప్రయత్నాలు పాడ్‌కాస్టు కంటే పాతవి, వాటిలో కొన్ని తెలుగు గడ్డ మీదనే జరిగాయి. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి 1970లలో రామాయణ భారతాలను జనం గుండెల్లోకి చేర్చిన ఉషశ్రీ, ‘ధర్మసందేహాలు’ కార్యక్రమంలో శ్రోతలు రాసిన ఉత్తరాలకు జవాబులు చెప్పేవారు. పోస్టుకార్డు మీద వచ్చిన ఆ ప్రశ్న ఆలస్యంగా వినిపించిన ‘ఊ’. ఎవరో ఒకరు రాసిన సందేహానికి ఆయన చెప్పిన జవాబులో రాయని వేలమంది తమ సందేహాన్ని గుర్తించేవారు. ఇంతకంటే క్రమబద్ధమైన ప్రయత్నం 1956లోనే పుణెలో జరిగింది. కెనడా రైతుల రేడియో బృందాల నమూనాను తీసుకుని, యునెస్కో సహకారంతో ఆకాశవాణి అప్పటి బొంబాయి రాష్ట్రంలోని 5 జిల్లాల్లో 150 గ్రామాలకు 20 కార్యక్రమాలు ప్రసారం చేసింది. ప్రతి గ్రామంలో ఇరవై మంది వరకు కూర్చుని విని, విన్నదాన్ని చర్చించుకుని, తమ ప్రశ్నలను తిరిగి కేంద్రానికి రాసి పంపేవారు. ఆ ప్రయోగాన్ని మూల్యాంకనం చేసిన పాల్ న్యూరాత్, చర్చాబృందం ఉన్న గ్రామాల్లో వ్యవసాయ పరిజ్ఞానం గణనీయంగా పెరిగిందని, రేడియో ఉండీ బృందం లేని గ్రామాల్లో ఆ పెరుగుదల స్వల్పమని తేల్చాడు. విన్నవారు వేరే రకం మనుషులు కారు, విన్న మాటా వేరు కాదు. విన్న తరువాత మాట్లాడే అవకాశం ఒక్కటే తేడా.

ఆ తేడాను చివరిదాకా తీసుకువెళ్ళినది సంగం రేడియో. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు మాచనూరు నుంచి నడిపే ఈ కేంద్రం 2008 అక్టోబరు 15న ప్రసారం ప్రారంభించింది. గ్రామీణ సమాజం చేతుల్లో నడిచే కేంద్రాలలో దేశంలోనే మొదటివాటిలో ఇది ఒకటి. విత్తనాలు దాచే పద్ధతి, చిరుధాన్యాల సాగు, పండగలు, పాటలు, వైద్యం, ఊళ్ళ ముచ్చట్లు దాని విషయాలు. మాట్లాడేవారి నుడికారమూ వినేవారి నుడికారమూ ఒకటే, జొన్న గురించి చెప్పే మనిషి జొన్న వేసిన మనిషే. అక్కడ ఒక రాత్రి ఇంట్లో విని ‘ఊ’ కొట్టిన మహిళ, మరో రోజు అదే మైకు ముందు కూర్చుని తన చేనులోని పంటల వరుస చెబుతుంది, పొరుగూరిలో ఇంకొకరు ఊ కొడతారు.